ఖాళీ ఫ్రేమూ, ఆషాఢం కొండా

మా పేట ఫోటోగ్రాఫరు గారి భూస్థాపన రోజున చర్చి మెట్ల మీద ఒక వింత జరిగింది. వచ్చినవాళ్ళందరినీ కలిపి ఒక ఫోటో తీద్దామని పక్కవీధి స్టూడియో ఆయన కెమెరా ఎత్తారు. ఎత్తగానే మెట్ల మీదున్న నలభై మందీ ఒకేసారి గడ్డాలు ఒక్క రవ్వ కిందకి దించారు. ఎవరూ దించమనలేదు. అనవలసిన మనిషి లోపల పెట్టెలో ఉన్నారు.

ముప్ఫయ్యేళ్ళుగా రాజమండ్రిలో మా పేట మొత్తానికీ ఆయన నేర్పిన విద్య అది. "గడ్డం ఒక్క రవ్వ దించండి. అబ్బే, అంత కాదండి, తప్పు చేసినట్టుంది. ఆఁ... ఇప్పుడు పరీక్ష బాగా రాసినవాడిలా ఉన్నారు. ఊపిరి తీసుకోండి." హాల్ టికెట్టు నుంచి శుభలేఖ దాకా, రేషన్ కార్డు నుంచి గోడ మీద దండ వేసిన పటం దాకా మా పేటలో అందరి గడ్డాలూ ఒకే కోణంలో ఉంటాయి. ఫిజిక్సు చెప్పుకుని బతికేవాణ్ణి కాబట్టి ఊరుకోలేక ఒకసారి కొలిచాను. సుమారు పది డిగ్రీలు.

మా ఇద్దరి పరిచయం కూడా ఆ పది డిగ్రీల దగ్గరే మొదలైంది. ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కొత్తగా చేరిన రోజుల్లో గుర్తింపు కార్డు కోసం ఆయన స్టూడియోకి వెళ్ళాను. తిప్పితే పైకి లేచే స్టూలు మీద కూర్చోబెట్టి, నన్ను నాలుగు చుట్లు తిప్పి ఎత్తు సరిచేశారు.

"ఏం చెబుతారండి కాలేజీలో?"

"ఫిజిక్సండి. ముఖ్యంగా కాంతి."

ఆయన కెమెరా వెనక నుంచి తల బయటికి పెట్టారు. "ఎక్కడ చూశారండి?"

"ఏది?"

"కాంతి."

నాకు తెలిసిన కాంతి నల్లబల్ల మీద పసుపు సుద్దముక్కతో గీసిన గీత. చివర బాణం గుర్తు ఉంటుంది. "పుస్తకంలోనండి," అన్నాను.

"అదేనండి, మొహంలో తెలిసిపోతోంది," అని క్లిక్కుమనిపించారు. ఆ ఫోటో ఇప్పటికీ నా మెడలో వేలాడుతోంది. అవమానపడ్డ మొహమే గాని, గడ్డం మాత్రం సరిగ్గా ఉంది.

ఆ స్టూడియోలో కౌంటరు వెనక గోడకి ఒక టేకు ఫ్రేము ఉండేది. మూడడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు. ముందు అద్దం, వెనక తెల్ల అట్ట. మధ్యలో ఏమీ లేదు. రోజూ పొద్దున్నే షట్టరు ఎత్తి, ప్రార్థన చేసుకుని, ముందు ఆ అద్దమే తుడిచేవారు. వచ్చినవాళ్ళు అడక్కుండా ఉండేవారు కాదు.

"ఏంటండీ, ఖాళీ ఫ్రేము?"

"ఖాళీ కాదండి. రావలసినాయన ఇంకా రాలేదు."

రావలసినాయన ఎవరో నాకు మూడో ఏట గాని తెలియలేదు. కొండ. ఏదో ఒక కొండ కాదు, తుఫాను మబ్బు కమ్ముకున్నాక పొద్దుగూకేముందు ఒక్కసారి వెలిగే కొండ. చిన్నప్పుడు వాళ్ళ నాన్నగారికి ఏజెన్సీలో బడిపంతులు ఉద్యోగమట. అక్కడ ఒక సాయంత్రం చూశారట.

"ఇన్నేళ్ళలో ఎన్ని మొహాలు తీశానో దేవుడికే తెలుసు మాస్టారూ. ప్రతివాడూ నా భుజం మీంచి తొంగి చూసి 'నేను బాగా పడ్డానా?' అంటాడు. 'ఫోటో బాగుందా' అన్నవాడు ఒక్కడు లేడు. పోయినవాళ్ళు నయమనుకుంటే, వాళ్ళ తరఫున చుట్టాలు అడుగుతారు. ఒక్కటండి, ఒక్కటంటే ఒక్కటి, మనిషి లేని ఫోటో తీసి ఆ ఫ్రేములో పెట్టుకుని పోతాను. కొండ అడగదు కదండీ బాగా పడ్డానా అని."

కోరిక చిన్నదే. చిక్కల్లా మా డెల్టాలో కొండలు లేకపోవడం. కొబ్బరిచెట్టెక్కి చూస్తే ఇంకో కొబ్బరిచెట్టు కనిపిస్తుంది. దగ్గర్లో కోరుకొండ ఉంది గాని, దాన్ని ఆయన మొదట్లోనే కొట్టేశారు. "అది నరసింహస్వామి వారి కొండండి. మెట్లుంటాయి, మెట్ల మీద జనముంటారు. మళ్ళీ మొహాలే." అందుకని గోకవరం, రంపచోడవరం దాటి మారేడుమిల్లి ఘాటు రోడ్డు దాకా పోవాలి.

పోవడానికి రోజులు ఆషాఢంలోనే దొరుకుతాయి. ఆషాఢంలో పెళ్ళిళ్ళుండవు. వైశాఖమంతా నిద్ర లేకుండా తలంబ్రాలు తీసిన ఫోటోగ్రాఫర్లు ఆ నెల గోళ్ళు గిల్లుకుంటూ కూర్చుంటారు. సరిగ్గా అప్పుడే మబ్బులూ వస్తాయి. ఇంత చక్కగా కుదిరిన ఏర్పాటులో ఆయనకి ఒక్కటే అడ్డం, సొంత మతం. ఆయన లూథరన్. క్రైస్తవులు ఆషాఢంలోనూ పెళ్ళిళ్ళు పెట్టుకుంటారు. మంచి మబ్బు పట్టిన రోజున ఎవరో పెదనాన్న కొడుకు పెళ్ళి వచ్చి పడేది.

"మావాళ్ళలో అన్నీ ఉన్నాయండి, ఆషాఢమే లేదు," అని బాధపడేవారు. ఒకసారి ధైర్యం చేసి, మనకీ ఇలాంటి నెల ఒకటి పెట్టుకుంటే ఎలా ఉంటుందని పాస్టరు గారినే అడిగారు. ప్రార్థన చేద్దామన్నారట పాస్టరు గారు.

నేను ఈ యాత్రల్లోకి గొడుగు ద్వారా ప్రవేశించాను. మా నాన్నగారిది పాతకాలపు నల్లగొడుగు ఒకటి మా ఇంట్లో ఉంది. ఇద్దరు మనుషులూ ఒక కెమెరా తడవకుండా నిలబడొచ్చు. ఒక వానరోజు దాన్ని చూసి ఆయన, "మాస్టారూ, ఆషాఢం ఆదివారాలు ఏం చేస్తుంటారు?" అన్నారు. ఆ విధంగా భౌతికశాస్త్రంలో ఫస్టు క్లాసు తెచ్చుకున్న నేను ఎనిమిదేళ్ళు కెమెరాకి గొడుగు పట్టాను.

మధ్యాహ్నం చర్చి అయ్యాక ఆయన మోటారుసైకిలు మీద బయలుదేరేవాళ్ళం. వెనక నేను, నా ఒళ్ళో వాళ్ళావిడ పాతచీర చుట్టిన మూడుకాళ్ళ స్టాండు. మొదటి ఏడు చెక్‌పోస్టు దగ్గర కానిస్టేబులు ఆ చీర మూటని చూసి బండి ఆపాడు.

"ఏంటండి అది?"

"స్టాండండి. కొండ ఫోటోకి."

"కొండ ఫోటోకి ఇంతదూరం చీర కట్టుకుని వచ్చిందా?" అని విప్పించి చూసి పంపించాడు. మరుసటేడు నుంచి విప్పించలేదు గాని, తిరిగి వచ్చేటప్పుడు మాత్రం కేకేసేవాడు. "ఏమండీ, దొరికిందా?"

"లేదండి."

ఘాటు రోడ్డులో ఒక వంపు దగ్గర ఆయన చోటు. రోడ్డు అంచున సున్నం కొట్టిన రాళ్ళు, కింద లోయ, ఎదురుగా తూర్పున ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యేసుకున్నట్టు కొండలు. పడమటి ఎండ మా వీపు మీదుగా వచ్చి వాటి మీద పడాలి. వాటి వెనక మబ్బు నల్లగా ఉండాలి. మబ్బుకీ అడవికీ మధ్య సూర్యుడికి దూరేంత సందు ఉండాలి. ఈ మూడూ ఒకే రోజున సమావేశం కావాలి. మొదటి ఏడు పొగమంచు. రెండో ఏడు ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది, సూర్యుడు ఎవరికీ ఇబ్బంది లేకుండా అస్తమించాడు. మూడో ఏడు మబ్బు వచ్చింది గాని, పిడుగులు కూడా తెచ్చుకుంది. ఇనప స్టాండు ఒళ్ళో పెట్టుకుని నేను బొంగు చికెన్ అమ్మే పాకలో కూర్చుని విద్యుత్తు గురించి నాకు తెలిసినదంతా మరచిపోవడానికి ప్రయత్నించాను.

కెమెరాలో కన్ను పెట్టాక ఆయన లోకం వేరు. స్టూడియో అలవాటు కొండ దగ్గర కూడా పోలేదు. "కొంచెం ఆగండి... ఆ మబ్బు తియ్యండి... అలాగేనండి, కదలకండి," అనేవారు. కదలకండి అన్నది నన్ననుకుని మొదట్లో నేను బిగుసుకుపోయేవాణ్ణి. నన్ను కాదు, కొండని. మా గోదావరి జిల్లాల మర్యాద గురించి ఎవరైనా అడిగితే నేను వేరే ఉదాహరణ వెతుక్కోను. నాకు చెప్పేది ఒకటే మాట. "మాస్టారూ, గొడుగు పడుతోంది!" అంటే ఫ్రేము పై మూలలో నా గొడుగు అంచు కనిపిస్తోందని. ఎత్తితే కెమెరా తడుస్తుంది, దించితే ఫోటోలో పడుతుంది. ఈ రెంటికీ మధ్య నాలుగంగుళాల జాగాలో నా పాండిత్యమంతా పెట్టాను.

ఎనిమిదో ఏడు వచ్చింది ఆ వెలుతురు.

ఆ రోజు పాకలో బొంగు చికెన్ ఆవిడ, "ఈరోజు ఏమీ రాదండి బాబూ, వెళ్ళిపోండి," అంది. అంతకుముందు ఏటా తప్పకుండా వస్తుందన్న ఆవిడ జోస్యం ఒక్కసారీ ఫలించలేదు కాబట్టి ఆయన ఉత్సాహంగా స్టాండు నిలబెట్టారు. తూర్పున మబ్బు నీలిమందు కలిపిన నీళ్ళలా చిక్కబడింది. సన్నగా జల్లు. నేను గొడుగు విప్పాను. అదే సమయానికి మా వెనక ఒక కారు వచ్చి ఆగింది. నడివయసు దంపతులు, ఇద్దరాడపిల్లలు, చేతిసంచీ గుండెకి హత్తుకున్న ఒక ముసలావిడ దిగారు. మాకు పది గజాల్లో రోడ్డు అంచున నిలబడ్డారు.

సూర్యుడు మబ్బు కింద నుంచి దూరాడు.

దాన్ని వర్ణించడం నా పని కాదు. నేను వాచీ చూసుకున్నానని మాత్రం చెప్పగలను, అది నా వృత్తి ధర్మం. ఎదురుగా కొండలన్నీ ఒక్కసారి పసుపు రాసి కూర్చోబెట్టినట్టయ్యాయి. ఒక్కొక్క చెట్టూ విడివిడిగా వెలిగింది. వెనకాల ఆకాశం ఇంకా నల్లబడింది. వానచినుకులు కూడా వెలుగుతూ పడుతున్నాయి. ఇన్నేళ్ళుగా చెబుతున్నదాన్ని మొదటిసారి చూశాను. దానికి బాణం గుర్తు లేదు.

"వచ్చారండి," అన్నారాయన, చాలా నెమ్మదిగా. కన్ను పెట్టారు. వేలు మీట మీద పెట్టారు. ఊపిరి బిగబట్టారు. నేను కూడా. గొడుగు ఉండవలసిన నాలుగంగుళాల్లోనే ఉంది.

ఆ క్షణాన పక్కనుంచి, "అమ్మా, ఇటు చూడవే. ఫోటో," అన్న మాట వినిపించింది. కారాయన ఫోను పైకెత్తి వాళ్ళమ్మగారిని తియ్యబోతున్నాడు. ఆవిడ సిపాయిలా నిలబడి, గడ్డం ఆకాశానికెత్తి, కళ్ళు మూసుకుంది. వెనక కొండ శిఖరం సరిగ్గా ఆవిడ తలలోంచి కొమ్ములా మొలిచింది.

ఆయన కెమెరా మీంచి కన్ను తీశారు. అటు చూశారు. మళ్ళీ కన్ను పెట్టారు. మళ్ళీ తీశారు.

"వద్దండి," అన్నాను. నాకు ఆయన సంగతి తెలుసు.

"ఎలా వద్దంటారు మాస్టారూ, కొమ్మొచ్చింది ఆవిడకి!"

ఎవరూ పిలవలేదు. ఎవరూ అడగలేదు. ఈ సంగతి నేను ఎక్కడైనా చెప్పగలను. ఎనిమిదేళ్ళు ఎదురుచూసిన వెలుతురుని స్టాండు మీద వదిలేసి ఆయన గబగబా వెళ్ళి ఆ కొడుకు చేతిలోంచి ఫోను లాక్కున్నారు. "అలా కాదండి, అలా కాదు. అమ్మా, ఈ రాయి మీద కూర్చోండి. బాబుగారూ, మీరు వెనక్కి. పాపా, నువ్వు నానమ్మ పక్కకి రా. ఆ సంచీ కింద పెట్టండమ్మా."

"సంచీలో మందులున్నాయి నాయనా."

"ఎవరూ ఎత్తుకుపోరండి, కొండలు సాక్ష్యం."

నేను గొడుగుతో ఆయన వెనకే పరిగెత్తాను. ఎనిమిదేళ్ళ అలవాటు. అప్పటికి రెండు నిమిషాలైంది.

"నాకెందుకు బాబూ ఫోటో, పోయేదాన్ని," అందావిడ.

"అందుకే కదండీ తీసేది. గడ్డం ఒక్క రవ్వ దించండి. నాకేసి కాదు, నా భుజం మీంచి ఆ వెలుతురుకేసి చూడండి."

"నువ్వు పెళ్ళిళ్ళకి తీస్తావా?" మాటతీరులోనే ఆవిడ పోల్చేసింది.

"తీస్తానండి. ఇప్పుడు ఆషాఢం కదండీ."

"మరి ఈ అడవిలో ఎవరి పెళ్ళికొచ్చావు?"

ఆయన వెనక్కి తిరగకుండా బొటనవేలితో స్టాండు మీది కెమెరానీ, ఎదురుగా కొండనీ చూపించారు. "వీరిదేనండి. అమ్మాయి ముస్తాబై కూర్చుంది, నేనిక్కడున్నాను."

ఆవిడ నవ్వింది. పళ్ళు లేని నోటితో, ఒళ్ళంతా కదిలేలా నవ్వింది. ఆయన తీశారు.

వెనక్కి వచ్చి కెమెరాలో కన్ను పెట్టేసరికి కొండలు బూడిదరంగులోకి తిరిగి పోయాయి. నా వాచీ ప్రకారం వెలుతురు ఉన్నది ఆరు నిమిషాలు. ఆయన పేరంటం అయిదున్నర. చీర మూట కడుతుంటే కారాయన వచ్చి, "థాంక్సండీ. మాది సామర్లకోటండి, ఎరువుల కొట్టు. ఎప్పుడైనా అటొస్తే రావాలి," అన్నాడు. మాకు తెలిసి మా జిల్లాల్లో అందరూ అందరినీ ఇలా పిలుస్తారు. ఎవరూ వెళ్ళరు.

చెక్‌పోస్టు దగ్గర, "ఏమండీ, దొరికిందా?" అన్న కేక వినిపించింది. ఆయన బండి ఆపలేదు. నేను లోపల దాచుకున్న కోపాన్ని మంచి తెలుగులోకి మార్చుకుంటూ కూర్చున్నాను. గోకవరంలో టీ గ్లాసు చేతికొచ్చాక అన్నారు.

"బాగా వచ్చింది కదండీ?"

"ఏది?"

"ఆవిడ."

నేను తయారుచేసుకున్న వాక్యాలన్నీ టీతోపాటు మింగేశాను. మరో రెండు ఆషాఢాలు ఒకటి ఆయన మోకాళ్ళకీ, ఒకటి గుండెకీ పోయాయి. ఈ చలికాలంలో ఆయనే పోయారు.

పెద్దకర్మ లాంటివి వాళ్ళకి లేవు గాని, నెల తిరిగాక వాళ్ళావిడ నాకు కబురు చేశారు. నేను ఆవిడని అక్కయ్యగారూ అంటాను. స్టూడియో అద్దెకి ఇచ్చేస్తున్నారట. గోడ మీది ఫ్రేము ఇంటికి తెచ్చి హాల్లో పెట్టారు.

"రోజూ తుడుస్తున్నానండి మాస్టారూ. ఆయన తుడుస్తుంటే ఎప్పుడూ అనిపించలేదు గాని, నేను తుడుస్తుంటే ఖాళీ కనబడుతోంది. ఆయన తీసిన కొండలు బోలెడున్నాయి కదా, ఒక్కటి చూసి పెట్టరా?"

రెండు రోజులు ఆయన కంప్యూటరు ముందు కూర్చున్నాను. 'ఆషాఢం' అని ఏడాదికొక ఫోల్డరు చొప్పున దాచుకున్నారు. పొగమంచు, పొగమంచు, నీళ్ళు కారే తెర, కొండకి పనికిరాని ఎండ. ఒక ఏడాదిలో ఫోటోలన్నీ నా గొడుగువే. ఒకదాన్నీ తీసేయలేదాయన. ఫ్రేములో పెట్టగలిగింది ఒక్కటి లేదు. ఎనిమిదో ఏటి దాంట్లో ఒకే ఒక్క ఫోటో ఉంది, బూడిదరంగు కొండ.

ఆ వెలుతురులో ఆయన నొక్కింది ఒకే ఒక్కసారి, అదీ వేరేవాళ్ళ ఫోనులో. మర్నాడు సామర్లకోట రైలెక్కాను. మా జిల్లాల చరిత్రలో అలా పిలిచినందుకు నిజంగా వెళ్ళినవాణ్ణి నేనే అయ్యుంటాను. మొదటి రెండు ఎరువుల కొట్లలో నాకు యూరియా ఇవ్వజూపారు. మూడో కొట్లో అడగనక్కర్లేకపోయింది. బస్తాల పైన గోడ మీద ఉంది, దండ వేసి.

దండల వెనక మనుషులు సాధారణంగా ముందే తెలిసినట్టు గంభీరంగా ఉంటారు. ఈవిడ నవ్వుతోంది. చుట్టూ కొడుకూ కోడలూ మనవరాళ్ళూ, వెనక పసుపు కొండలు, వాటి వెనక నల్లటి ఆకాశం, మధ్యలో వెలిగే చినుకులు. ఎనిమిదేళ్ళు మేము వెతికిన వెలుతురు ఎరువుల వాసనలో నిక్షేపంగా ఉంది.

"అమ్మ పోయి రెండేళ్ళయిందండి," ఫోటో తీసినాయన మా పేటవారని నేను చెప్పాక అన్నాడు కొడుకు. "ఉన్నవాటిలో నవ్వింది ఇదొక్కటే. అమ్మ ఒక్కదాన్నీ కత్తిరించి కట్టిద్దామనుకున్నాం. కానీ ఆ వెలుతురు పోతుందని ఇలాగే ఉంచేశాం. ఒకటే లోపమండి. ఎవడో మనిషి పై మూలలో గొడుగు అడ్డం పెట్టాడు."

"చూసుకోవాలి కదండీ," అన్నాను.

"ఆ తీసినాయన బాగున్నారాండీ? పేరు కూడా చెప్పకుండా వెళ్ళిపోయారు."

చెప్పాను. కొడుకు స్టూలెక్కి దండని ఒక పక్కకి జరిపి, ఫోటో మొత్తం కనబడేలా చేశాడు. దిగి, తన ఫోనులోంచి ఆ ఫోటో నా ఫోనుకి పంపించాడు.

పక్కవీధి స్టూడియోలో పెద్దది చేయించి, తీసుకెళ్ళి నేనే ఆ ఫ్రేములో బిగించాను. అక్కయ్యగారు కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు. అందులో ఉన్నవాళ్ళెవరో ఆవిడకి తెలియదు.

"ఇది ఆయన తీసిందే," అన్నారు. "గడ్డాలు చూడండి."

"మనిషి లేనిది కావాలనేవారు," అన్నాను, కాస్త భయంగా. "ఇందులో అయిదుగురున్నారు."

"ఆయన మాటలకేంటండి. మా పెళ్ళిలో నా పక్కన నిలబడమంటే, వెళ్ళి ఫోటో తీసేవాడి పక్కన నిలబడి నన్ను గడ్డం దించమంటున్నారు. మనిషి లేకపోతే ఆయనకి చెయ్యాడదు." పమిట చెంగుతో అద్దం తుడవడం మొదలుపెట్టారు. కొండ తుడిచారు, ఆకాశం తుడిచారు, ముసలావిడ నవ్వు దగ్గర కొంచెం ఆగారు. పై మూలకి వచ్చేసరికి అక్కడే రెండుసార్లు, మూడుసార్లు రుద్దారు. అది పోలేదు.

"ఇదేంటండి మాస్టారూ, నల్లగా?"

"నేనండి," అన్నాను.